పిల్లల మొండితనం ఓడీడీ కావచ్చా? ఇంట్లో గమనించాల్సిన తీరు, దశలవారీగా

స్నానానికి రమ్మంటే రాడు. ఫోన్ పక్కన పెట్టమంటే విసిరికొడతాడు. టీచర్ చెప్తే "నేను చెయ్యను" అని మొహం మీదే అంటాడు. గొడవ ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఎప్పుడూ పక్కవాడే. ఇలాంటి పిల్లవాడి గురించి ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "గారాబం చేసి చెడగొట్టారు" అని కొందరు, "పెద్దయితే వాడే సర్దుకుంటాడు" అని ఇంకొందరు. రెండూ తొందరపాటు మాటలే. మొదటి మాట దెబ్బలదాకా పోతుంది. రెండో మాట నమ్ముకుని కూర్చుంటే, సాయం బాగా పనిచేసే చిన్న వయసు కాస్తా దాటిపోతుంది.

పెద్దల మాటకు ఎదురుతిరగడం, కోపం, కక్ష ఒక తీరుగా స్థిరపడిపోయి పిల్లవాడి చదువునూ స్నేహాలనూ ఇంటి శాంతినీ దెబ్బతీస్తున్నప్పుడు దాన్ని అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ అంటారు. పొట్టిగా ఓడీడీ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తెచ్చిన వర్గీకరణలో ఇది మొదటిసారి చోటుచేసుకుంది. ఇప్పుడు వైద్యులు వాడుతున్న కొలమానాలు అదే వర్గీకరణకు 2013లో వచ్చిన ఐదో కూర్పు, డీఎస్ఎం-5లోవి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లోనూ ఇది ఉంది. డీఎస్ఎం-5 అంచనా ప్రకారం సగటున నూటికి ముగ్గురు పిల్లల్లో కనిపిస్తుంది. చాలామందిలో బడికి వెళ్లకముందే మొదలవుతుంది.

దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డాక్టరు మీ మాటల మీద, టీచర్ మాటల మీద, తాను చూసినదాని మీద ఆధారపడి తేలుస్తారు. అందుకే మీరు ఏం చూశారు, ఎలా రాసుకున్నారు అన్నదానికి అంత విలువ. పేరు పెట్టడం వైద్యుల పని. సరైన సమాచారం చేతికివ్వడం మీ పని.

మొదటి దశ: వయసును దృష్టిలో పెట్టుకుని చూడండి

రెండు మూడేళ్ల పిల్లలు నేలమీద పడి దొర్లడం, "వద్దు" అనే మాటనే పట్టుకుని కూర్చోవడం మామూలే. కావలసింది చెప్పడానికి మాటలు చాలవు, ఆగడం ఇంకా చేతకాదు. ఈ పేచీలు చాలావరకు కొన్ని నిమిషాల్లో చల్లారతాయి, మధ్యలో పిల్లలు హాయిగానే ఉంటారు. నాలుగైదేళ్లకు తగ్గుముఖం పట్టాలి. పన్నెండు పదమూడేళ్లప్పుడు మళ్లీ వాదనలు మొదలవుతాయి. బట్టల దగ్గర, స్నేహితుల దగ్గర, ఫోన్ దగ్గర సొంత నిర్ణయం కావాలంటారు. అదీ ఎదుగుదలలో భాగమే.

బడికి వెళ్లని వయసులోనే అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పేచీ సగటున 25 నిమిషాలు దాటుతుండటం, ఒకే రోజులో ఐదుసార్లకు మించి రావడం, సగానికి పైగా పేచీల్లో కొట్టడం, కొరకడం, వస్తువులు పగలగొట్టడం, తనను తాను గాయపరచుకోవడం, ఎవరో ఒకరు ఎత్తుకుని బుజ్జగిస్తే తప్ప చల్లబడలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరు చెవిన వేయండి. అంతమాత్రాన ఓడీడీ అని కాదు, చూపించడానికి అది చాలు.

కొత్త చెల్లి పుట్టడం, ఊరు మారడం, బడి మారడం, తాతయ్య పోవడం లాంటివి జరిగాక రెండు మూడు నెలలు చిరాకు పడే పిల్లలను ఈ లెక్కలోకి తేవద్దు. ఆ మార్పుకు ముందు ఎలా ఉండేవాడో గుర్తుచేసుకోండి. ముందూ ఇంతే అయితే అది వేరే విషయం.

రెండో దశ: ఎనిమిది లక్షణాలు

వైద్యులు చూసేవి ఎనిమిది. మూడు గుంపులుగా ఉంటాయి.

కోపం, చిరాకు గుంపులో మూడు. తరచుగా ఒళ్లు తెలియని కోపం తెచ్చుకోవడం ఒకటి. చిన్నదానికే నొచ్చుకోవడం, ఎవరేమన్నా చిర్రుబుర్రులాడటం రెండోది. అన్నం ప్లేటు ఇటు కాకుండా అటు పెట్టారని లేచిపోయే తీరు ఇది. ఎప్పుడూ కోపంగా, లోపల రగిలిపోతూ ఉండటం మూడోది. మొదటిదీ మూడోదీ ఒకటే అనిపిస్తాయి కానీ కాదు. మొదటిది వచ్చిపోయే కోపం, మూడోది గొడవ లేని వేళ కూడా మొహంలో ఉండే కోపం.

వాదన, ధిక్కారం గుంపులో నాలుగు. పెద్దలతో, అంటే అమ్మానాన్నలతో, టీచర్లతో, ట్యూషన్ మాస్టారుతో అదేపనిగా వాదించడం. చెప్పిన పని చేయననడం, నియమాన్ని కావాలనే దాటడం. ఎదుటివాళ్లను కావాలనే విసిగించడం: చదువుకుంటున్న అక్క పక్కన కూర్చుని బల్ల మీద దరువు వేస్తూ ఆమె మొహం వంక చూడటం లాంటిది. తన తప్పుకు ఇంకొకరిని బాధ్యులను చేయడం.

మూడో గుంపులో ఒక్కటే, కక్ష. గత ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు, మనసులో పెట్టుకుని పగ తీర్చుకున్నట్టు ప్రవర్తించడం. ఆదివారం తిట్టినందుకు బుధవారం నాన్న కళ్లజోడు విరిచేయడం. అప్పటికప్పుడు కోపంతో విసిరికొట్టడం ఇందులోకి రాదు. మధ్యలో గడువు ఉండాలి, ఉద్దేశం ఉండాలి.

ఎక్కువమంది పొరబడేది "మాట వినకపోవడం" దగ్గర. వినపడక వినకపోవడం, మరిచిపోవడం, మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం ధిక్కారం కావు. "ఏం చెప్పానో చెప్పు" అని అడగండి. చెప్పగలిగి, చేయగలిగి, "చెయ్యను" అంటేనే అది ఈ లెక్కలోది.

ఆడపిల్లల విషయంలో మన ఇళ్లలో కొలత వేరుగా ఉంటుంది, దీని గురించి కాస్త నిజాయతీగా ఆలోచించాలి. అబ్బాయి ఎదురుచెబితే "మగపిల్లాడు కదా" అని వదిలేస్తారు, అమ్మాయి అదే మాట అంటే పొగరు అంటారు. అబ్బాయి లక్షణాలు లెక్కకు రాకుండా పోతాయి, అమ్మాయివి అవసరానికి మించి లెక్కకొస్తాయి. ఇద్దరికీ ఒకే ప్రశ్నలు వేయండి.

మూడో దశ: ఎన్నిసార్లు, ఎన్నాళ్లు, ఎవరితో

ఎనిమిదిలో కనీసం నాలుగు ఉండాలి. కనీసం ఆరు నెలలుగా ఉండాలి. ఐదేళ్లు నిండని పిల్లల్లో అయితే ఎక్కువ రోజుల్లో, ఐదేళ్లు దాటిన వాళ్లలో వారానికి ఒక్కసారైనా కనిపించాలి. కక్షకు మాత్రం పైన చెప్పినట్టు ఆరు నెలల్లో రెండుసార్లు చాలు.

తోబుట్టువులు కాని మనిషి ఒక్కరితోనైనా ఇలా ఉండాలన్నది ఇంకో షరతు. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో మాత్రమే కొట్లాడుకునే పిల్లలకు ఈ పేరు పెట్టరు.

చివరిది నష్టం. పిల్లవాడికో, చుట్టూ ఉన్నవాళ్లకో దీనివల్ల బాధ కలుగుతుండాలి, లేదా చదువు, స్నేహం, ఇంటి జీవితం దెబ్బతింటుండాలి. పుట్టినరోజులకు ఎవరూ పిలవకపోవడం, బడి నుంచి పదేపదే ఫోన్లు, బంధువుల ఇంటికి వెళ్లడమే మానుకోవడం, అమ్మ ఉద్యోగం వదిలేయాల్సి రావడం ఇలాంటి నష్టాలే. వాదించే స్వభావం ఉండి చదువుకుంటూ, స్నేహితులతో కలిసిపోతూ ఉన్న పిల్లవాడికి జబ్బు అంటగట్టకండి.

నాలుగో దశ: నోట్‌బుక్

దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మామూలు రూళ్ల నోట్‌బుక్ చాలు. కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు రాయండి. ప్రతి సంఘటనకూ ఈ విషయాలు: రోజు, సమయం, ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఏమన్నాడు, ఎన్ని నిమిషాలు, తర్వాత పెద్దలు ఏం చేశారు. అదే రాత్రి పడుకునేలోపు రాసేయాలి. మూడు రోజులాగి రాస్తే కోపం తప్ప వివరం మిగలదు.

"మొండికేశాడు", "నరకం చూపించాడు" అని రాస్తే పనికిరాదు. కెమెరాలో పడేది మాత్రమే రాయాలి. ఒక నమూనా చూడండి:

మంగళవారం, రాత్రి 8.10. ముందు: అరగంటగా ఫోన్‌లో గేమ్. నాన్న వంటగదిలోంచి "తెలుగు వాచకం తియ్" అని నాలుగుసార్లు కేకేశారు, ఐదోసారి వచ్చి ఫోన్ లాక్కున్నారు. చేసింది: "ఇవ్వు, నాది" అని అరిచాడు, పుస్తకాల సంచి తన్నాడు, నాన్న చెయ్యి నెట్టేశాడు. 12 నిమిషాలు. తర్వాత: నానమ్మ "పోనీలేరా, ఐదు నిమిషాలు ఇవ్వు" అంటే ఫోన్ తిరిగిచ్చారు. 8.45కి లెక్కలు తనంతట తనే చేశాడు. వాచకం ముట్టుకోలేదు.

ఈ ఒక్క ముక్కలో మూడు సంగతులున్నాయి. మొదటి నాలుగుసార్లు చెప్పిన మాట వేరే గదిలోంచి వచ్చింది, గేమ్‌లో మునిగిన పిల్లవాడి చెవికి అది చేరిందో లేదో తెలియదు. అరిచి తన్నాక ఫోన్ తిరిగొచ్చింది, అంటే అరుపు ఫలించింది. హోంవర్క్ అంటేనే పడదనుకుంటే లెక్కలు చేశాడు, చదవాల్సిన పుస్తకం దగ్గరే ఆగిపోయాడు. అదే తీరు ఇంకో నాలుగైదు రోజులు కనిపిస్తే చదవడంలో ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి.

మధ్యలో చెప్పిన అరుపు సంగతి చాలా ఇళ్లలో జరుగుతుంది. పెద్దవాళ్లు చెబుతారు, పిల్లవాడు కాదంటాడు, పెద్దవాళ్లు గొంతు పెంచుతారు, పిల్లవాడు ఇంకా పెంచుతాడు, చివరికి అలసిపోయి పెద్దవాళ్లు వదిలేస్తారు. అరిస్తే పని జరుగుతుందని పిల్లవాడికి తెలుస్తుంది, వదిలేస్తే ఇంట్లో నిశ్శబ్దం వస్తుందని పెద్దవాళ్లకు అలవాటవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఒరెగాన్‌లో కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించి ఈ చక్రాన్ని వివరించారు. ఇవాళ ఇస్తున్న తల్లిదండ్రుల శిక్షణలో చాలాభాగం దాని మీదే నిలబడి ఉంది. ఇందులో తప్పు తల్లిదండ్రులదని అనుకోవద్దు. పుట్టుకతోనే చిరాకు స్వభావం ఉన్న పిల్లల దగ్గర ఎంత ఓపికస్తులైనా ఈ చక్రంలో పడతారు.

పుస్తకంలో మంచి వేళలు కూడా రాయాలి. ఎవరి దగ్గర మాట వింటున్నాడు, ఏ సమయంలో నవ్వుతున్నాడు, ఎలా అడిగితే చేశాడు. డాక్టరుకు ఇవి కూడా అంతే అవసరం. ఒకరోజు ఒక గంటసేపు ఇంకో లెక్క కట్టండి: ఆ గంటలో ఇంట్లోవాళ్లంతా కలిసి పిల్లవాడికి ఎన్ని ఆజ్ఞలు ఇచ్చారు, ఎన్నిసార్లు మెచ్చుకున్నారు అని. ఉమ్మడి కుటుంబంలో ఒకే పనికి అమ్మ ఒకటి, తాతయ్య ఒకటి, బాబాయి ఇంకొకటి చెప్పడం ఈ లెక్కలోనే బయటపడుతుంది.

రెండు వారాలయ్యాక ఎర్ర పెన్నుతో ఆకలి వేళలు, నిద్ర తగ్గిన రోజులు, ఇష్టమైన పని ఆపించిన సందర్భాలు, చదువు సందర్భాలు గుర్తుపెట్టుకోండి. సంఘటనలన్నీ ఒకేచోట పోగుపడితే మూలం అక్కడ వెతకాలి. అన్ని వేళలా, అందరితో, అన్ని విషయాల్లో చెల్లాచెదురుగా ఉంటే ఓడీడీ అనుమానం బలపడుతుంది.

ఐదో దశ: బడిలో అడగాల్సినవి

"మావాడు ఎలా ఉంటున్నాడండీ?" అంటే "కొంచెం అల్లరి" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: చెప్పిన పని ఎన్నోసారికి మొదలుపెడతాడు? ఏ పీరియడ్‌లో గొడవ ఎక్కువ? ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడుతాడు? అందరు టీచర్లతో ఇలాగే ఉంటాడా, ఒక్కరితోనేనా? వీలైతే రెండు వారాలు డైరీలో ఒక్క వాక్యం రాయమని కోరండి. క్లాసులో 50 మంది పిల్లలున్న టీచర్‌కు అంతకంటే తీరిక ఉండదు.

లక్షణాలు ఒక్కచోటే, అంటే ఇంట్లోనో బడిలోనో కనిపిస్తే స్వల్పం, రెండుచోట్ల కనిపిస్తే మధ్యస్థం, మూడు అంతకంటే ఎక్కువచోట్ల కనిపిస్తే తీవ్రం అని వైద్యులు లెక్కేస్తారు. ఇంట్లో మాత్రమే ఉంటే అది జబ్బు కాదనుకోవడం పొరపాటు. బాగా తెలిసినవాళ్ల దగ్గరే ఈ ప్రవర్తన ఎక్కువగా బయటపడుతుంది. డాక్టరు గదిలో అరగంట బుద్ధిగా కూర్చుంటాడు, "బాగానే ఉన్నాడు కదండీ" అనిపించుకుంటాడు. నోట్‌బుక్ అక్కడ అక్కరకొస్తుంది. బడిలో మాత్రమే ఉంటే చదువులో ఇబ్బందినీ, తోటిపిల్లల వేధింపునూ, ఒక టీచర్‌తో ఉన్న ఇబ్బందినీ ముందు చూడాలి.

ఆరో దశ: ఓడీడీలా కనిపించే మిగతావి

వినికిడి. మాటిమాటికీ జలుబు చేసి చెవిలో నీరు చేరిన పిల్లలకు ఒకరోజు బాగా, ఒకరోజు తక్కువగా వినిపిస్తుంది. పెద్దలకు అది "కావాలనే వినడం లేదు" అనిపిస్తుంది. వినికిడి పరీక్ష ముందు చేయించాల్సినది.

నిద్ర. నోటితో గాలి పీలుస్తూ గురకపెట్టే పిల్లలకు ముక్కు వెనకభాగంలో ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగి ఉండొచ్చు. రాత్రంతా నిద్ర తెగుతూ ఉంటే పగలంతా చిరాకే.

ఏడీహెచ్‌డీ. ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం దీని తీరు. ఓడీడీతో కలిసి ఎక్కువగా కనిపించేది ఇదే. ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్న పిల్లవాడు చేద్దామనుకుని చేయలేకపోతాడు, తిడితే బాధపడతాడు. రెండూ ఉంటే ఏడీహెచ్‌డీకి వైద్యం మొదలయ్యాక ఎదురుతిరగడం కూడా తరచు తగ్గుతుంది. అందుకే దీన్ని కనిపెట్టకుండా వదలకూడదు.

చదువులో నిర్దిష్ట ఇబ్బంది ఉన్న పిల్లలు "రాదు" అనడం కంటే "చెయ్యను" అనడానికే ఇష్టపడతారు. నలుగురిలో తెలివితక్కువవాడు అనిపించుకోవడం కంటే మొండివాడు అనిపించుకోవడం వాళ్లకు నయం. ఆటిజం ఉన్న పిల్లలు అలవాటు మారినప్పుడు, చప్పుడు ఎక్కువైనప్పుడు తట్టుకోలేక అరుస్తారు. అందులో ఎవరినీ ధిక్కరించే ఉద్దేశం ఉండదు. ఆందోళన ఉన్న పిల్లలు భయపెట్టే చోటికి వెళ్లాల్సి వచ్చినప్పుడే తిరగబడతారు. దిగులు జబ్బు పిల్లల్లో ఏడుపుగా కాక చిరాకుగా బయటపడటం మామూలే.

మందులు. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసిటం, ఫినోబార్బిటోన్ కొందరు పిల్లల్లో విపరీతమైన చిరాకు తెస్తాయి. మందు మొదలయ్యాక ప్రవర్తన మారితే రాసిన డాక్టరుకు వెంటనే చెప్పండి. సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ తిరగబెడతాయి.

ఉన్నట్టుండి మారిపోయిన పిల్లల విషయంలో ఇంకో ప్రశ్న వేసుకోక తప్పదు. నిన్నటిదాకా సరదాగా ఉన్న అమ్మాయి ఒక మనిషి ఇంటికి వెళ్లననో, ట్యూషన్‌కు పోననో మొండికేస్తే, బలవంతంగా పంపకండి. ఒంటరిగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. లైంగిక వేధింపు, కొట్టడం, బెదిరింపు ఇలా మొండితనం రూపంలో పైకి రావచ్చు. ఇంట్లో తాగుడు, భార్యాభర్తల కొట్లాటలు ఉంటే అవి కూడా డాక్టరుకు చెప్పాలి. దాచిపెడితే వైద్యం దారి తప్పుతుంది.

ఓడీడీ కంటే తీవ్రమైనవి రెండు. వారానికి మూడు అంతకంటే ఎక్కువసార్లు భయంకరమైన కోపం పేలుతూ, మధ్య రోజుల్లోనూ మొహం చిరచిరలాడుతూ, ఏడాదికి పైగా ఇలాగే ఉంటే అది డీఎండీడీ అనే మానసిక సమస్య కావచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు ఆ పేరు పెట్టరు. జంతువులను హింసించడం, దొంగతనం, నిప్పు పెట్టడం, ఆయుధంతో బెదిరించడం, రాత్రుళ్లు ఇంటికి రాకపోవడం కాండక్ట్ డిజార్డర్ గుర్తులు. ఇతరుల హక్కులను దెబ్బతీయడం ఓడీడీ హద్దుకు అవతలిది.

ఏడో దశ: ఎవరికి చూపించాలి

ముందు పిల్లల డాక్టరు. వినికిడి, చూపు, నిద్ర, రక్తహీనత, థైరాయిడ్ లాంటివి అవసరాన్ని బట్టి చూస్తారు. ఆపైన పిల్లల మానసిక వైద్యులు లేదా క్లినికల్ సైకాలజిస్ట్. చాలా జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల సమస్యలను ముందుగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలున్నాయి, 18 ఏళ్లలోపు పిల్లలకు అక్కడ పరీక్షలు ఉచితం. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరు నిమ్హాన్స్ పెద్ద దిక్కులు. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నోట్‌బుక్, మార్కుల కాగితాలు, బడి డైరీ, వాడిన మందుల చీటీలు తీసుకెళ్లండి. ఇంట్లో పిల్లవాడితో ఎక్కువసేపు గడిపే మనిషి, అది నానమ్మ అయినా సరే, వెంట రావాలి. పిల్లవాడి ఎదుటే తప్పులన్నీ ఏకరువు పెట్టకండి; పెద్దలతో విడిగా మాట్లాడమని డాక్టరును అడగండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వాండర్‌బిల్ట్ అనే ప్రశ్నావళి ఇవ్వొచ్చు. అందులో 19 నుంచి 26 వరకు ప్రశ్నలు ఈ లక్షణాలవే. తల్లి ఒక కాగితం, తండ్రి ఒక కాగితం విడివిడిగా నింపాలి. జవాబులు తేడాగా వచ్చినా ఫర్వాలేదు, ఆ తేడా కూడా సమాచారమే.

ఓడీడీకి ప్రత్యేకంగా మందు లేదు. మొదటి వైద్యం తల్లిదండ్రుల శిక్షణ, కొన్ని నెలలు పడుతుంది. మొదటి రోజే, ఏ విచారణా లేకుండా "కోపం తగ్గించే మందు" రాస్తే ఎందుకు రాశారో, దేనికోసమో, ఎన్నాళ్లో అడిగి తెలుసుకోండి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు

దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, ఒకసారికి ఒక్క పనే చెప్పండి. "చేస్తావా?" అని అడగొద్దు, "సంచి షెల్ఫ్‌లో పెట్టు" అని చెప్పి ఐదారు సెకన్లు ఆగండి. చేస్తే అక్కడికక్కడే, ఏం చేశాడో పేరు పెట్టి మెచ్చుకోండి. ఇవ్వనన్నది ఇవ్వకండి. అలా నిలబడితే మొదటి కొన్ని రోజులు అరుపులు తగ్గకపోగా పెరుగుతాయి; ఇంతకాలం ఫలించిన పని ఫలించకపోతే పిల్లలు ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తారు. అప్పుడు లొంగితే మునుపటికంటే గట్టిపడుతుంది. నానమ్మ, తాతయ్యలతో ముందే మాట్లాడి పెట్టుకోవాల్సింది అందుకే.

కొట్టొద్దు. బడిలోనూ కొట్టకూడదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. "హాస్టల్లో వేస్తే దారికొస్తాడు" అనే సలహా మన దగ్గర ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. ఏ ఇబ్బందివల్ల ఇలా ఉన్నాడో తేలకుండా దూరంగా పంపితే ఆ ఇబ్బంది అక్కడ ఎవరికీ కనిపించదు, శిక్షలు మాత్రం పెరుగుతాయి.

చచ్చిపోతానని అన్నా, తనను తాను కోసుకున్నా, కత్తి పట్టుకున్నా, ఇంట్లోంచి వెళ్లిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. పురుగుమందులు, మాత్రలు, పదునైన వస్తువులు తాళం వేసిన చోట పెట్టండి, పిల్లవాడిని ఒంటరిగా వదలకండి, దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది. పిల్లల మీద వేధింపు అనుమానం ఉంటే 1098, ప్రాణాపాయం ఉంటే 112.